రెండో సీటింగ్ భోజనం

ఓడ విశాఖ పోర్టు దాటి సముద్రంలోకి వచ్చిందో లేదో, శ్రీరామచంద్రమూర్తి మంచమెక్కేశారు. అనకాపల్లి బెల్లం మార్కెట్లో వేలంపాట మొదలైతే ఆయన గొంతు వీధి చివరకు వినిపిస్తుంది. అలాంటి మనిషి దుప్పటి ముఖం మీదకు లాక్కుని, "కదలకే తులసీ, నువ్వు కదిలితే గదంతా కదిలినట్టుంది" అని మూలుగుతున్నారు.

వీళ్లిద్దరి పెళ్లిరోజని కొడుకూ కోడలూ బుక్ చేసిన ప్రయాణమిది. పుదుచ్చేరి, చెన్నై చూసుకుని తిరిగి విశాఖలోనే దిగాలి. బయల్దేరేముందు కోడలు హాసిని, "తిండంతా టిక్కెట్లోనే ఉంది అత్తయ్యా, కొన్నిచోట్ల మాత్రం ఉండదు" అంది. ఎక్కడ ఉండదో చెప్పేలోగా కారు వచ్చేసింది.

రాత్రి ఆకలికి ఆగలేక రామతులసి ఒక్కతే పెద్ద భోజనాల హాలుకు వెళ్లింది. గుమ్మం దగ్గర కోటు వేసుకున్నాయన, "ఫస్ట్ సీటింగా, సెకండ్ సీటింగా?" అని హిందీలో అడిగాడు. ఆమెకు అర్థం కాలేదు.

"ఎక్కడైనా పరవాలేదు బాబూ, ఏసీ గాలి మీద పడకుండా ఉంటే చాలు" అంది.

ఆయన ఆమె చేతిలోని గది కార్డు తీసుకుని చూసి, రెండో సీటింగ్, అంటే రెండో బంతి అని తనే తేల్చి, కిటికీ పక్క టేబుల్ దగ్గర కూర్చోబెట్టాడు. వడ్డించడానికి వచ్చినావిడ పేరు లీనా. గోవా మనిషి, నలభై దాటి ఉంటాయి. మెనూ కార్డు చేతికిచ్చింది. రామతులసి అటూ ఇటూ తిప్పి చూసింది. ఎక్కడా ధర లేదు. ధర రాయలేదంటే అడగడానికి కూడా భయపడేంత ఉంటుందని ఆమె అనుకుంది. "దాల్, చావల్. బస్" అంది. లీనా సూప్ తెస్తానంటే వద్దంది, స్వీటు తెస్తానంటే మరీ గట్టిగా వద్దంది. అర్ధాకలితోనే లేచింది.

మర్నాడు మధ్యాహ్నం పై అంతస్తులో ఒక చిన్న హోటల్ కనిపించింది. తెల్ల గుడ్డలు, పువ్వులు, వంగి వంగి పిలిచే మనుషులు. ఇంత మర్యాదగా పిలుస్తున్నారంటే టిక్కెట్లోదే అయ్యుంటుందని ధైర్యంగా కూర్చుని కడుపునిండా తింది. ఐస్‌క్రీమ్ రెండోసారి కూడా అడిగింది. చివర్లో వాళ్లు గది కార్డు తీసుకుని మిషన్ మీద పెట్టారు. హాజరు వేసుకుంటున్నారు కాబోలనుకుంది.

ఆ రాత్రి ఈ సంగతి వచ్చీరాని హిందీలో చెబితే లీనా నోటికి చెయ్యి అడ్డుపెట్టుకుని నవ్వింది. "అమ్మా, అక్కడ డబ్బులు. ఇక్కడ ఎంత తిన్నా ఏమీ లేదు."

రామతులసికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఈసారి సూపు, పులావు, రెండు కూరలు, కేకు అన్నీ చెప్పింది. లీనా పక్కనే నిలబడి, "ఇంకొంచెం?" అని అడుగుతుంటే రామతులసి చేతిలోని చెంచా ఆగింది. కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆ మాట తను అనడమే గాని, తనతో ఎవరూ అన్నది లేదు. అయితే ఇది ప్రేమా, టిప్పు కోసమా? మూడోరాత్రి కూడా అదే ఆలోచన. తను ఒకసారి చెప్పింది గుర్తుపెట్టుకుని ఉల్లిపాయ లేకుండా తెచ్చినప్పుడు ప్రేమే అనిపించింది. పక్క టేబుల్ వాళ్లతోనూ అదే నవ్వు నవ్వుతుంటే మళ్లీ అనుమానం వచ్చింది.

దిగే ముందురోజుకు శ్రీరామచంద్రమూర్తి లేచి తిరుగుతున్నారు. గదికి వచ్చిన బిల్లులో పై అంతస్తు హోటల్ పద్దుకే ఒకసారి మూలిగి, దాని కింది పద్దు చూసి కళ్లద్దాలు సవరించుకున్నారు.

"ఏటిది, టిప్పు అని వాళ్లే రాసేసుకున్నారు? మన చేత్తో ఇవ్వంది టిప్పెలా అవుతుందే? అడిగితే తీసేస్తారంట. పద."

రిసెప్షన్ దగ్గర వీళ్ల ముందున్నాయన తన బిల్లులో ఆ పద్దు కొట్టేయించుకుని వెళ్లిపోయాడు. వీళ్ల వంతు వచ్చింది.

"నేను గదిలోనే పడున్నాను. నాకెవరు వడ్డించేరు?" అన్నారాయన, భార్యకే వాదన వినిపిస్తున్నట్టు.

"రెండు పూటలా మీకు గంజిలాంటిది వచ్చింది కదండీ."

"ఎవరు తెచ్చేరు?"

"నేనూ చూళ్లేదు. తలుపు తీసేసరికి ట్రే ఉంది." ఆమె గొంతు తగ్గించింది. "వెనకాల పనిచేసే కనపడనోళ్లకి కూడా ఈ టిప్పులోంచే ఇస్తారంట. లీనా చెప్పింది."

"నిజమేనంటావా?"

"నాకేటి తెలుసండి. ఉండనీండి."

ఆయన ఏదో అనబోయేలోగా కౌంటర్‌లోని అమ్మాయితో కూడా అదే మాట హిందీలో, "రహ్నే దో" అనేసింది. భర్త మాట మధ్యలో అడ్డుపడి బయటివాళ్లతో మాట్లాడటం ఆమెకిదే మొదటిసారి. ఆయన కోప్పడలేదు. బిల్లు మడిచి జేబులో పెట్టుకున్నారు.

ఉదయం విశాఖలో దిగేటప్పుడు సిబ్బంది వరసగా నిలబడి వీడ్కోలు చెబుతున్నారు. లీనాను చూడగానే రామతులసి కొంగు చాటు నుంచి అయిదువందల నోటు తీసి చేతిలో పెట్టబోయింది. లీనా చేతులు వెనక్కి పెట్టేసుకుంది. రామతులసి బిత్తరపోయింది. తప్పు చేశానా, చిన్నబుచ్చానా? అంతలో లీనా ముందుకు వంగి ఆమెను గట్టిగా కావలించుకుని, వెంటనే వెనకున్నవాళ్లవైపు తిరిగిపోయింది.

"తీసుకుందా?" అన్నారు భర్త మెట్ల మీద.

"లేదు."

"మరేటి చేసింది?"

నోటు ఇంకా ఆమె చేతిలోనే నలిగిపోతోంది.

అనకాపల్లిలో ఇల్లు చేరగానే హాసిని కాఫీ తెచ్చి, "టిప్పులవీ ఇచ్చేరా అత్తయ్యా?" అని అడిగింది.

"ఇచ్చేమే" అంది రామతులసి, గ్లాసు అందుకుంటూ. "ఎవరికిచ్చేమో మాత్రం ఇంకా తెలీట్లేదు."