నాలుగో గడి

ఆ బోధనాసుపత్రిలో సర్జరీ పీజీలకి తలా ఒక పుస్తకం ఉంటుంది. నేర్చుకునే ప్రతి ఆపరేషనుకీ అందులో నాలుగు గడులు: చూసింది, సాయపడింది, పెద్దవాళ్ళు పక్కన ఉండగా చేసింది, ఒంటరిగా చెయ్యగలదు. మూడో ఏడు చదువుతున్న ఒకమ్మాయికి మొదటి మూడు గడులూ నిండిపోయాయి. నాలుగోది మాత్రం ఉతికి ఆరేసిన దుప్పటిలా తెల్లగా ఉంది. అందులో ఒక్క సంతకమైనా లేనిదే ఫైనల్ పరీక్షకి కూర్చోనివ్వరు. గడువు శుక్రవారం సాయంత్రం.

సంతకం పెట్టాల్సింది ప్రొఫెసరుగారు. ఆమె చేసిన హెర్నియా ఆపరేషన్లు ఇరవై ఒకటి ఆయన పక్కనే నిలబడి చూశారు. ఇరవై ఒక్కసార్లూ ఒకటే మాట రాశారు: "ఇంకా చూడాలి." దాంతో డిపార్ట్‌మెంటులో ఆమె అసలు పేరు పోయి 'ఇంకా' మిగిలింది.

సోమవారం వార్డులో ఆయన, హెర్నియా రోగి ఎలా దగ్గాలో విద్యార్థులకి చెబుతూ, తనే గట్టిగా దగ్గి చూపించారు. ఆగిపోయారు. చెయ్యి గజ్జ మీదికి వెళ్ళింది. రోగి మాత్రం కులాసాగా ఉన్నాడు.

స్కానులో ఆయనకీ హెర్నియా అని తేలింది. కబురు తెలిసిన గంటలో, ఆ ఆపరేషన్ చెయ్యగల ఇద్దరిలో ఒక అసోసియేట్ ప్రొఫెసరుకి నడుం పట్టేసింది. రెండో ఆయనకి వాడుకోని సెలవులు గుర్తొచ్చాయి. వేరే ఆసుపత్రికి వెళ్ళడమంటే ప్రొఫెసరుగారికి తల కొట్టేసినట్టే.

గురువారం పొద్దున తన గదిలో ఆమెని చూపించి భార్యతో అన్నారు: "ఈ అమ్మాయి చేస్తుంది. నడుం కిందికే మత్తు. ఎదురుగా అద్దం పెట్టిస్తే నేను చూస్తూ చెబుతుంటాను."

"అద్దమేమిటండీ, క్షవరానికా వెళ్తున్నారు?" అంది ఆవిడ.

హెడ్‌నర్సు ఫారం ముందు పెట్టింది. "దగ్గరుండి చూసేవాళ్ళ పేరు దగ్గర ఏం రాయమంటారు సార్? రోగి పేరే రెండుచోట్లా రాస్తే ఆఫీసువాళ్ళు తిప్పి పంపుతారు. ఎవరూ అక్కర్లేదంటే నాలుగో గడిలో మీ సంతకం ఉండాలి."

"ముందు ఆపరేషన్ కానివ్వండి. ఆ సంతకం సంగతి తర్వాత చూద్దాం."

ఆమె పుస్తకం తెరిచి ఆయన ముందు పెట్టింది. "సంతకం లేకుండా ఒంటరిగా కత్తి ముట్టుకోవద్దని మీరే అన్నారు సార్."

ఆయన పేజీలు ముందుకీ వెనక్కీ తిప్పారు. తన దస్తూరీ తనకే కొత్తగా కనిపిస్తున్నట్టు చూశారు.

"ఏమండీ," అంది భార్య, "ముప్పయ్యేళ్ళుగా వండి పెడుతున్నాను. ఉప్పు సరిపోయిందని ఒక్కసారి అన్న పాపాన పోలేదు. తిని బతికే ఉన్నారుగా? పెట్టండి."

ఆయన పెన్సిలు తీశారు.

"చెరిగిపోతుంది సార్," అని ఆమె తన పెన్ను ఇచ్చింది.

మధ్యాహ్నం ఆపరేషన్ టేబులు మీద, ఛాతీ దగ్గర కట్టిన గుడ్డ తెరకి అవతల ఆయన తల, ఇవతల మిగతా ఆయన. అద్దం లేదు.

"కోత ఎంత పెట్టావు?" అంది తెర.

"మీరు చెప్పినంతే సార్."

"అంటే?"

"రెండంగుళాలు సార్."

"నరం చూసుకున్నావా?"

"చూసి పక్కకి తప్పించాను సార్."

"నోరు మూసుకుని పడుకోరా," అన్నాడు తలదగ్గర కూర్చున్న మత్తు డాక్టరు. ఆయనా ప్రొఫెసరూ కాలేజీలో ఒకే బెంచీ.

పేగు మళ్ళీ బయటికి జారకుండా ఆమె లోపల వల అమర్చింది. మొదటి కుట్టు వేసి, ముడి గురించి అడుగుతారని ఆగింది. తెర పలకలేదు. రెండోది వేసింది. పలకలేదు. ఆమె తలెత్తింది.

"సార్‌కి ఏమైంది?"

మత్తు డాక్టరు వంగి చూశాడు. "గురక పెడుతున్నాడు. నిద్రమందు నేనేం ఇవ్వలేదమ్మా ఇంకా. నువ్వు కానీ."

మిగిలిన కుట్లు ఎవరూ అడగకుండానే పూర్తయ్యాయి.

శుక్రవారం పొద్దున ఆయన మంచం మీద కూర్చుని, భూతద్దం తెప్పించుకుని గాయం చూసుకున్నారు. దగ్గారు. మళ్ళీ దగ్గారు. భూతద్దం పక్కన పెట్టి, "ఏదీ ఆ పుస్తకం?" అన్నారు.

ఆమె ఇచ్చింది. పెట్టిన సంతకం కొట్టేస్తే అడిగేవాళ్ళు లేరు. ఆయన నాలుగో గడి పక్కన చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చున్నారు. చివరికి రెండు ముక్కలు రాసి మూసి ఇచ్చేశారు.

ఆమె ఆఫీసు మెట్ల దగ్గర ఆగి తెరిచి చూసింది. సంతకం ఉంది. పక్కన ఆయన దస్తూరీలో ఉంది: "నేను చూడలేదు."