వినడంలో ఆరు గంటలు

...అదీ కాక చెవులు చిల్లులు పడేలా ఆ కాలరు మైకు ఒకటి, ఇంత చిన్న హాల్లో మైకెందుకు నాయనా నీకు, నీ గొంతు మాకు వినపడక కాదు, వినపడే చస్తున్నాం, వినడం ఒక కళ అంటున్నాడు, తెర మీద పేద్ద చెవి బొమ్మ వేశాడు, చెవిలోకి మూడు బాణాలు, పందొమ్మిదేళ్లుగా ఇల్లిల్లూ తిరిగి నేను వింటున్నది ఏమిటట మరి, పాటలా, తాగొచ్చిన మొగుళ్ల తిట్లు విన్నాను, బిడ్డను తీసుకెళ్లొద్దని గుమ్మానికి అడ్డంపడిన తల్లుల ఏడుపు విన్నాను, నా మొహం మీదే తలుపేసిన చప్పుళ్లకైతే లెక్కే లేదు, ఈ ట్రైనరు బాబు జన్మలో ఒక్క మెట్టెక్కి ఒక్క తలుపు కొట్టి ఉంటాడా, ఉండడు, ఆ బూట్లు చూస్తే తెలియడం లేదూ, మొహం చూసుకోవచ్చు వాటిలో, ఇక్కడ అరవైమందిమి సోషల్ వర్కర్లం కూర్చున్నాం, బల్లల కిందికి వంగి చూడవయ్యా, ఎవరిది ఎన్నేళ్ల సర్వీసో అరిగిన మడమలే చెబుతాయి, నావైతే రెండూ ఒకే పక్కకు వాలిపోయాయి, చెప్పులు కొనుక్కోవడానికి ఆదివారం దొరకలేదు గానీ చెవి బొమ్మ చూడటానికి పనిరోజు మొత్తం దొరికింది.

పొద్దున మా ఆయన నవ్వనే నవ్వాడు, ఏమోయ్, ఇవాళ నీకు వినడం నేర్పిస్తారటగా, పాసైతే ఇంట్లో కూడా కాస్త ప్రాక్టీసు చేద్దువుగాని, అని, టవల్ విసిరికొట్టాను, తగల్లేదు, నవ్వక ఏం చేస్తాడు, ఏడాదికి ముప్పై గంటల శిక్షణ పూర్తిచేస్తేనే లైసెన్సు రెన్యువల్, నాకు ఇరవైనాలుగే అయ్యాయి, ఎల్లుండితో గడువు సరి, ఇవాళ్టి ఆరు గంటలు పడకపోతే పందొమ్మిదేళ్ల సర్వీసు ఉన్నా ఒకటో తారీకు నుంచి నేను ఎవరి తలుపూ కొట్టడానికి వీల్లేదు, ఆ ఆరు గంటలు పడాలంటే పొద్దున ఒక సంతకం, సాయంత్రం అయిదింటికి ఒక సంతకం, మధ్యలో నిద్రపోయినా ఎవరూ అడగరు, నా పక్కన కూర్చున్న ఆసుపత్రి అన్న, పెద్దాసుపత్రిలో సోషల్ వర్కరు, చక్కగా ఆ పనే చేస్తున్నాడు, గడ్డం గుండెల మీద ఆన్చి, వచ్చే ఏడాది రిటైరవుతాడు, అదృష్టవంతుడు, ఎవరు నేర్చుకున్నారో ఎవరికీ అక్కర్లేదు, కుర్చీలో మనిషి ఉంటే చాలు.

టీ బ్రేకులో పెద్దమేడం ఫోను, మా సూపర్‌వైజరు, ఆవిడ ఫోను చేసిందంటే ఏదో ఒకటి మూసేయడానికే, ఆ ఏడో తరగతి పిల్ల ఫైలు సాయంత్రం అయిదింటికి మూసేస్తున్నానమ్మా, మూడు విజిట్లు అయిపోయాయి, ఏమీ తేలలేదు, నెలాఖరు, నీకేమైనా అభ్యంతరమా అంది, ఇంకోసారి వెళ్లొస్తానండి, ఇవాళే వెళ్దామనుకున్నాను, ఈ దిక్కుమాలిన ట్రైనింగు పెట్టారు అన్నాను, ఇంకోసారి వెళ్లి ఏం చూస్తావు, మూడో విజిట్లో పిల్ల ప్రశాంతంగా ఉంది అని నువ్వే రాశావుగా, కింద గీత కూడా గీశావు అంది, నిజమే, రాశాను, సరే మూసేయండి అన్నాను, అనేసి టీ కప్పు చెత్తబుట్టలోకి గిరవాటు పెట్టాను, సగం టీ నా చీర మీదే పడింది, వాళ్లమ్మ ఆసుపత్రిలో బట్టలుతికే సెక్షన్లో పగటి షిఫ్టు, ఇంట్లో ఆ పిల్ల, ఆ పిల్ల మేనమామ, అంతే, మోచేతి కింద వరసగా నల్లటి మరకలున్నాయండి, వేళ్ల గుర్తుల్లా ఉన్నాయి అని క్లాసు టీచరు ఫోను చేసింది, నేను వెళ్లాను, మేనమామ ఎంత మర్యాదస్తుడో, కుర్చీ దుమ్ము దులిపి వేశాడు, మీరూ మీరూ మాట్లాడుకోండి మేడం, నేను అడ్డం ఉండను అని తనంతట తనే ముందు గదిలోకి వెళ్లి పేపరు పట్టుకు కూర్చున్నాడు, మేం కూర్చున్న వంటగదికి తలుపు లేదు, కర్టెన్ ఒకటి, మా ఫారంలో బిడ్డతో విడిగా మాట్లాడారా అని ఒక గడి ఉంటుంది, గదిలో మేమిద్దరమే ఉన్నాం, టిక్కు పెట్టాను, ఆ పిల్లతోనే వేగలేకపోయాను, ఒక్కచోట కుదురుగా కూర్చోదు, ఈ మరకలేంటమ్మా అని నేను నోరు తెరవగానే లేచి సింకు దగ్గరికి పోతుంది, కుళాయి పూర్తిగా తిప్పేస్తుంది, కడిగిన గ్లాసునే మళ్లీ కడుగుతుంది, సైకిల్ మీంచి పడ్డాను అని మొదటిరోజే చెప్పింది, ఇంకేం చేయను నేను, నాకు ఇంకా పదిహేడు ఫైళ్లున్నాయి.

మధ్యాహ్నం తిండి తిన్నాక అందరికీ కునుకు పడుతుంటే ట్రైనరు బాబు చప్పట్లు కొట్టి లేపాడు, ముగ్గురు ముగ్గురు కూర్చోవాలట, ఒకరు చెప్పాలి, ఒకరు వినాలి, ఒకరు చూడాలి, చెప్పేవాళ్లు తమ పనిలో ఉన్న నిజమైన ఇబ్బంది ఒకటి చెప్పాలట, వినేవాళ్లు నోరెత్తకూడదు, చూడటం నా వంతు అని ఆసుపత్రి అన్న ముందే చెప్పేశాడు, కళ్లు మూసుకుని ఎలా చూస్తాడో మరి, వినడానికి నా ఎదురుగా కూర్చుంది ఒక చిన్నది, ఉద్యోగంలో చేరి ఆరు నెలలు కూడా కాలేదు, పెన్ను మూత పెట్టి పక్కన పెట్టింది, చెప్పండక్కా అంది, ఏం చెప్పాలే నీకు నా మొహం, బస్సు సరిగ్గా దొరకట్లేదు అందామనుకున్నాను, హాలంతా ఒకటే గోల, ఇరవైమంది ఒక్కసారి మొదలెట్టారు, ఎవరి మాట ఎవరికీ ఆనడం లేదు, సంతలో ఉన్నట్టుంది, ఆ గోలలో నా నోట్లోంచి వచ్చింది బస్సు కాదు, మెట్ల మీద కూర్చుంటున్నానే అన్నాను, ఎవరింటికైనా వెళ్లినప్పుడు తలుపు కొట్టకముందు మెట్ల మీద కూర్చుంటున్నాను, అయిదు నిమిషాలు, ఒక్కోసారి పావుగంట, లోపల ఎవరూ లేకపోతే బాగుండు, ఇంటికి తాళం ఉంది అని రాసి వెళ్లిపోవచ్చు అనుకుంటున్నాను, ఎనిమిది నెలలైంది ఇలా, మా ఆయనకు చెప్పలేదు, మా అక్కకు చెప్పలేదు, లోపలికి వెళ్లాక కూడా ఎంత త్వరగా అయిపోతుందా అనే, వాళ్లు చెప్పబోతుంటే నాకే భయం వేస్తోందే, చెప్పేస్తే నేను ఏదో ఒకటి చేయాలి కదా, అంటుండగా చప్పట్లు, ఆపండి అన్నాడు మైకులో, హాలంతా నిశ్శబ్దం, నా మాట సగంలో అక్కడే ఆగిపోయింది.

మేడం, మీరు చాలా లీనమై చెబుతున్నారు, అదే ఇక్కడికొచ్చి అందరికీ చెప్పండి అని నా వైపే చెయ్యి చూపించాడు, ఒళ్లు మండిపోయింది, లేవనన్నాను, లేపారు, చప్పుడు లేకుండా ఉండాలని ఫ్యాన్లు కూడా ఆపించాడు, మంచి వినికిడికి మొదటి మెట్టు నిశ్శబ్దం అన్నాడు, సూది పడితే వినపడేటట్టుంది, అరవైమంది నా నోటికేసి చూస్తున్నారు, నేను చక్కగా నవ్వాను, ఏం లేదండీ, ఈమధ్య బస్సులు ఆలస్యంగా వస్తున్నాయి, విజిట్లకు టైముకు వెళ్లలేకపోతున్నాను, అదే చెబుతున్నాను, అన్నాను, ఎంత నున్నగా వచ్చిందో ఆ అబద్ధం, తడుముకోనైనా లేదు, అందరూ చప్పట్లు కొట్టారు, చూశారా, ప్రశాంతమైన వాతావరణం ఇస్తే మనిషి ఎంత స్పష్టంగా చెబుతారో అన్నాడు ట్రైనరు బాబు, వచ్చి కూర్చున్నాను, ఏం లేదండీ అన్న ఆ మాట చెవిలో తిరుగుతూనే ఉంది, ఈ గొంతు నేనెక్కడో విన్నాను, ఏం లేదు మేడం, సైకిల్ మీంచి పడ్డాను, అచ్చం ఇలాగే, ఇంతే నున్నగా, ఫ్యాన్లు మళ్లీ వేశారు, పాత ఫ్యాన్లు, గరగరా తిరగడం మొదలెట్టాయి, చిన్నది కుర్చీ దగ్గరికి జరుపుకుని నా చెవి దగ్గర వంగింది, అక్కా, ఇప్పుడు ఎవరికీ వినపడదు, ఇందాకటిది చెప్పండి అంది.

ఎవరికీ వినపడదు.

కుళాయి. కడిగిన గ్లాసును ఎవరైనా ఎందుకు కడుగుతారు, కర్టెన్ అవతల పేపరు పట్టుకుని కూర్చున్నాడు కదా వాడు, పేజీ తిప్పిన చప్పుడు ఒక్కటంటే ఒక్కటి వినపడిందా నాకు, పందొమ్మిదేళ్ల సర్వీసుదాన్ని, పేపరు చదివేవాడు పేజీ తిప్పడా, పన్నెండేళ్ల పిల్ల తన తెలివి కొద్దీ వాడికి వినపడకుండా నాకొక చోటు చూపిస్తే, ఆ నీళ్ల చప్పుడు పక్కకు నన్ను రమ్మంటే, నేనేం చేశాను, లేచి వెళ్లి కుళాయి కట్టేశాను, నీళ్లు అలా వదిలేయకూడదమ్మా, రా, కూర్చో, నాకు నీ మాట వినపడాలి కదా అన్నాను, నవ్వుతూ అన్నాను, ముద్దుగా అన్నాను, ఎవరు నేర్పారు నాకీ తెలివి, వీళ్లే, తొమ్మిదేళ్ల క్రితం ఇదే హాల్లో, ఇదే చెవి బొమ్మ, టీవీ ఆపించండి, ఫ్యాను ఆపించండి, నీళ్ల చప్పుడు లేకుండా చూసుకోండి, నోట్సులో రాసుకున్నాను, పరీక్షలో కూడా రాశాను, ఈ మైకుబాబును పట్టుకుని నాలుగు దులిపేయాలని ఉంది, దులిపితే ఏమొస్తుంది, సింకు దగ్గర నిలబడి నాకేసి చూసిన ఆ పిల్ల కళ్లు తెర మీద లేవు, నా ఎదురుగా ఉన్నాయి, చూసింది నేను, మెట్ల మీద పావుగంట కూర్చుని, తొందరగా అయిపోతే బాగుండనుకుంటూ లోపలికి వెళ్లింది నేను, బొమ్మ వేసింది వాళ్లే కానీ కుళాయి మీద చెయ్యి నాది.

బ్యాగు తీసుకున్నాను, కుర్చీ కిర్రుమంది, ఆసుపత్రి అన్న కళ్లు తెరిచాడు, ఎక్కడికి మేడం, అయిదింటికి సంతకం పెట్టకపోతే గంటలు పడవు, పొద్దుటివి కూడా పోతాయి అన్నాడు ట్రైనరు బాబు, పోనీవయ్యా అన్నాను, మైకులో కాకపోయినా అందరికీ వినపడింది, చిన్నది నాకంటే ముందే వెళ్లి తలుపు తీసి పట్టుకుంది, మెట్లు దిగుతూనే పెద్దమేడంకి ఫోను చేశాను, ఆ ఫైలు మూయకండి అన్నాను, కొత్తగా ఏం తెలిసింది అంది, ఏమీ తెలియలేదు మేడం, ఆ పిల్ల చెప్పబోతే నేనే కుళాయి కట్టేశాను అన్నాను, ఏ కుళాయి, ఒంట్లో బాగానే ఉందా నీకు అంది, వచ్చి చెబుతాను, బడి నాలుగుంబావుకు వదులుతారు, మూడువందల మంది పిల్లలు అరుచుకుంటూ ఒక్కసారి బయటికొస్తారు, ఆ గోల మధ్యలో ఆ పిల్ల పక్కన నిలబడతాను, ఇవాళ వాళ్లమ్మ షిఫ్టు దిగేదాకా ఆ పిల్లను ఇంటికి పంపను, టీచరు దగ్గరే కూర్చోబెడతాను అన్నాను, లైసెన్సు పోతుంది, తెలుస్తోందా నీకు అంది, తెలుసు మేడం, ఎల్లుండిదాకా అది నాదే అన్నాను, ఫైలు బల్ల మీద పెట్టి ఉంచుతాను, త్వరగా కానీయ్ అంది, బస్సు వెంటనే వచ్చింది, అబద్ధం చెప్పినందుకే కాబోలు.

కిటికీ పక్కన కూర్చున్నాను, కోపం పోలేదు, పోకూడదు కూడా, మొదటిసారి కుళాయి పూర్తిగా తిప్పింది, కట్టేశాను, రెండోసారి సగమే తిప్పి, చెయ్యి దాని మీదే ఉంచి నాకేసి చూసింది, కట్టేశాను, మూడోసారి లేవనే లేదు, చేతులు ఒళ్లో పెట్టుకుని, నేను అడిగినవాటన్నిటికీ ఏం లేదు మేడం, ఏం లేదు మేడం అంటూ నా ఎదురుగా కదలకుండా కూర్చుంది, పిల్ల కుదుటపడింది, నా మీద నమ్మకం కుదిరింది అనుకుని ఎంత పొంగిపోయానో, ప్రశాంతంగా ఉంది అని రాసి కింద గీత గీశాను, ఆ రోజు ఆ పిల్ల ఇంక నాకు చెప్పి లాభం లేదనుకుంది.