కోమలి అడగతానే ఉండాది

నేను చెప్పేది నువ్వు నమ్మవు. నమ్మినావంటే నా ఆటో తాళాలు నీ చేతిలో పెట్టేసి, అలిపిరి నించి కొండ మింది దాకా మోకాళ్ళ మింద పోతా. రేణిగుంట, తిరప్తి రోడ్డులో ఇరవై ఏండ్లుగా ఆటో తోల్తా ఉండా. నా బండెక్కినోళ్ళల్లో ఒగడికన్నా విమానం తప్పిందా, అడుగు పో. ఒగడికి తప్పింది. వాడు దోవలో రెండు సార్లు టిఫిను తినె, అది నా తప్పా?

సరే, రవిచంద్ర సంగతికి వస్తా. మా వీదిలో మూడో ఇల్లు. రేణిగుంట గోడౌన్లో వారమంతా అట్టపెట్టెలకి చీటీలు అంటించే పని. ఆదివారం వచ్చిందంటే మాత్రం ఆయప్ప రాజు. కెమెరా మెడకేసుకుంటాడు, పెండ్లాం కోమలిని స్కూటరు ఎనక కూసోబెట్టుకుంటాడు, పొద్దు పొడవక ముందే దుడుదుడుమని పోతాడు. ఒగ వారం తలకోన. ఒగ వారం కళ్యాణి డ్యాము. చలికాలమైతే సూళ్లూరుపేట దాటినాక పులికాట్ చెరువు. కోమలి ఒగ చేతిలో చిత్రాన్నం డబ్బా, ఇంగో చేతిలో గొడుగు. గొడుగు ఆమెకి కాదులే, కెమెరాకి.

ఆయప్ప తీసే ఫోటోల్లో గాలి నిలిచిపోదు, వీస్తానే ఉంటాది. కిటికీ అంత సైజులో అచ్చేయించి వరండా గోడకి తగిలిస్తాడు. తలకోన ఫోటో కింద బక్కెట పెట్టాల, లేకుంటే గచ్చంతా తడిసిపోతాది. కరెంటు పోతే మేమంతా ఆ వరండాలోనే. ఎదురింటి గంగులమ్మ పెద్దమ్మ అయితే చెరువు ఫోటో ముందర చేట పట్టుకోని నిలబడి శెనక్కాయల పొట్టు తూర్పారపడతాది.

"ఏం రవీ, ఈసారి గాలి రవంత తక్కువుండాదే?" అంటాది, కూరలో ఉప్పు తక్కువైనట్టు.

ఒగసారి డ్యాము ఫోటోలో మేక ఒగటి పక్క కయ్యిలో దూరి చెట్లు మేస్తా ఉండె. పెద్దమ్మ చూసి, "థూ నీ పాసుగూల, పో!" అని అరిచింది. మేక తలెత్తి ఆమెని చూసి, గెనం గట్టు దాటి పోయింది. పోయింది పోయిందే, మళ్ళా ఆ ఫోటోలోకి రాలే.

"పెద్దమ్మా, ఆ ఫోటోకి మేకే గదా అందం!" అని రవిచంద్ర తల పట్టుకున్యాడు.

"నీ అందానికి ఎవురి చేనో నాశనం కావాలనా?" అనింది ఆమె.

ఫోటో తీసేటప్పుడు ఆయప్పకి రెండు పట్టుదలలు. సీనరీలో మనిసి ఉండకూడదు. కెమెరా కాడ మాట ఉండకూడదు. నేను ఒగ ఆదివారం వాళ్ళతో పోయినా కాబట్టి చెప్తా ఉండా.

"మామా, ఒగటి నన్నూ తియ్యరాదా?" అనింది కోమలి.

"నువ్వు దినామూ ఇంట్లోనే ఉండావు గదమే. చెరువు వస్తాదా ఇంటికి?"

"చెరువు నీకు చారు కాచి పోస్తాదా?"

నేను పకపకా నవ్వినా. ఆయప్ప నవ్వలే. "మాట్లాడొద్దు, కెమెరా కదులుతాది," అన్యాడు. కోమలి నోరు మూసుకోని పక్కకి జరిగింది. అట్లా ఎన్ని ఆదివారాలు జరిగిందో, ఎన్ని ఫోటోల్లో ఆ యమ్మ నీడ కూడా పడకుండా నిలబడిందో లెక్కే లే.

పోయిన కార్తీకం దాటినాక ఇద్దరూ పులికాట్ చెరువు కాడికే పోయినారు. ఎర్రరెక్కల కొంగలు వచ్చినాయని ఎవురో చెప్పినారంట. మద్యాన్నం నించి చీకటి పడేదాకా కొంగల కోసరం కాసుకోని ఉండి, రాత్రికి ఇల్లు చేరినారు. తెల్లారేసరికి కోమలికి ఒళ్ళు పెనం మాదిరి కాల్తాండాది. నా ఆటోలోనే ఆస్పత్రికి తీసకపోయినాం. నేను గుంతల్లో కూడా బ్రేకు ఎయ్యలే. డెంగీ అన్యారు. మూడు దినాలు. మూడో దినం డాక్టరమ్మ బయటికొచ్చి, "నిన్నా మొన్నా కాదయ్యా, ఆదివారం సందేళకే తెచ్చింటే..." అని, మిగతాది మింగేసింది.

పదకొండో దినానికి దండెయ్యాలంటే ఫోటో లేదు. పెండ్లి ఆల్బము ఒగ ఏడు పెద్ద వానలకి ఇంట్లోకి నీళ్ళొచ్చినప్పుడు ఉప్మా అయిపోయింది. కోమలిది బటన్ సెల్లు. ఆధారు కార్డులోది పెద్దది చేయించినాం. పోలీసు స్టేషను బోర్డు మింద దొంగ మాదిరి ఉండాది. రవిచంద్ర దాన్ని చూసి, "ఈమెవురు?" అన్యాడు. కడాకి ఆమె చీర మడిచి పీట మింద పెట్టి, దానికే దండేసినాం. ఇంటి నిండా ఫోటోలు. అడవి ఉండాది, కొండ ఉండాది, నీళ్ళుండాయి. ఆ యమ్మ యాడా లే.

"మునెయ్యా," అన్యాడు నాతో, "దాని మొగం గుర్తు తెచ్చుకుంటే గొడుగొగటే వస్తాందిరా."

నేను పోయి ఆ గొడుగు తెచ్చి చీర పక్కన పెట్టినా. 

నెల దాటినాక స్టూడియో వాడు ఆ కడపటి ఆదివారం ఫోటో అచ్చేసి పంపించినాడు. నీళ్ళు, ఆకాశం, రెండు బారల ఎత్తున పొద్దు. కొంగ ఒగటీ లే. గోడకి తగిలించినారు. పెద్దమ్మ చేట ఎత్తింది, పొట్టు ఎగిరింది, అప్పుడు ఫోటో పక్క నించి, కనపడని తావు నించి, గొంతు.

"మామా, ఒళ్ళు కాల్తాండాది. పోదామా?"

చేట జారి శెనక్కాయలన్నీ వరండాలో దొర్లినాయి. రవంతసేపు గాలి. మళ్ళా, "మామా, పోదామా?"

అన్ని ఆదివారాల్లో, ఫోటో నొక్కేటప్పుడు ఆ యమ్మ నోరు తెరిచింది ఆ ఒగ్గసారే. ఆ పొద్దు రవిచంద్ర బదులు చెప్పలే. ఎవురూ చెప్పలే కాబట్టి అడగతానే ఉండాది.

ఆ దినం నించి ఆయప్ప గోడౌను నించి రాంగానే ఆ గోడకి చెవి ఆనించి కూసుంటాడు. అన్నం ఆడే. నిద్ర ఆడే. ఆమె అడగతాది, ఈయప్ప వింటాడు, నోరు మెదపడు. మొగం లేకపోయినా గొంతన్నా ఉండాది గదా. శివరాత్రి పాయె, మాఘం పాయె. కడాకి పెద్దమ్మే ఓర్చుకోలే.

"నాయనా రవీ, ఆ బిడ్డని జొరంతో ఎన్నాళ్ళు నిలబెడతావురా ఆడ?"

"పొమ్మంటే పోతాది పెద్దమ్మా. మేక మాదిరి. పోతే మళ్ళా రాదు."

"పోయేది నీ కాడ నించి. కానీ ఆ బిడ్డ పోయేది ఇంటికి గదా."

ఆయప్ప మొగం గోడకి తిప్పుకున్యాడు. ఇంకో వారం ఓర్చుకున్యాడు. ఆ వారంలో రెండు సార్లు గోడ కాడికి పోయి, నోరు తెరిచి, మూసుకోని వచ్చినాడు. నేను నా కండ్లతో చూసినా.

ఆదివారం పొద్దున పదకొండప్పుడు, వీదంతా చూస్తాండంగా, లేసి నిలబడినాడు. గడ్డం గీసుకోని ఉండాడు. ఉతికిన చొక్కా.

"మామా, ఒళ్ళు కాల్తాండాది. పోదామా?"

"పోదాం పా మే," అన్యాడు.

ఫోటో లోపల గాలి ఒగటే. పెద్దమ్మ కొంగు నోట్లో కుక్కుకునింది.

"కొంగలు రాలేదే?" అనింది కోమలి.

"వస్తే రానీ, పోతే పోనీ. నువ్వు బండెక్కు. నన్ను గట్టిగా పట్టుకో. నేరుగా ఆస్పత్రికే పోదాం."

"కెమెరా?"

"కెమెరా దేనికి మే ఇంగ."

ఆ యమ్మ నవ్వింది. చిన్న నవ్వే. తరవాత ఫోటో లోపలే కిక్కు కొట్టిన సద్దు. ఒగటి. రెండు. మూడోదానికి స్కూటరు అందుకునింది. సద్దు రోడ్డు పట్టింది, సన్నంగా అయింది, ఇంగ లే.

రవిచంద్ర గోడకి చేతులానించి శానాసేపు నిలబడినాడు. ఆ ఫోటో ఇంగ మాట్లాడలే. ఇప్పటికీ ఆడే తగిలించి ఉండాది, గాలి బాగానే వస్తాది, పెద్దమ్మ పొట్టు పడతాది. ఆయప్ప ఆదివారాలు యాడికీ పోడు. ఈడ కోమలి లేదు. నాకు తెల్దా? దినామూ ఆ వాకిలి ముందర నించే నేను బండి తోలేది.

ఏంది నవ్వతా ఉండావు? నమ్మలే గదా. సరే, ఇను. ఆ ఫోటోలో పొద్దు రెండు బారల ఎత్తున ఉండాది. సూళ్లూరుపేట నించి తిరప్తికి రెండు గంటల దోవ, ఆ రోడ్డు నాకు నా అరచెయ్యి. ఆ పొద్దుండంగా బయల్దేరినోళ్ళు సందేళకి ముందే ఆస్పత్రి వాకిట్లో దిగుతారు. దిగలేదని, ఆ డాక్టరమ్మ సూది ఎయ్యలేదని, కోమలి యాడా బతికి లేదని రుజువు చెయ్యబ్బా. నీకు చేతనైతే చెయ్యి సూస్తాం.