మామగారికి సరిపడే సీటు

డాక్టరుగారి ఫోను వచ్చినప్పుడు కొత్త కోడలు స్టూలెక్కి కర్టెన్లు తగిలిస్తోంది. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, కడ్డీకి రింగులు ఎక్కిస్తూనే "అలాగేనండీ, తప్పకుండానండీ" అని చాలాసార్లు అని, ఆఖరికి స్టూలు మీంచే కేకేసింది.

"మామయ్యగారూ! మీరు మళ్లీ బండి నడపొచ్చట!"

మామగారు వంటింట్లో నిలబడి కాఫీ తాగుతున్నారు. నడుముకు ఆపరేషను అయిన దగ్గర్నుంచీ ఆయన చాలా పనులు నిలబడే చేస్తున్నారు. పేపరు నిలబడి చదువుతారు. టీవీ నిలబడి చూస్తారు. ఎవరైనా చుట్టాలొస్తే వాళ్లను కూర్చోమని తాను ఎదురుగా నిలబడతారు. వాళ్లు మొహమాటపడి కాసేపటికే లేచి వెళ్లిపోతారు. ఉద్యోగం చేసినన్నాళ్లూ సిటీ బస్సు నడిపిన మనిషి. రిటైరయ్యాక కారు కొనుక్కుని ఇంటిల్లిపాదినీ తిప్పుతానని అత్తగారికి మాటిచ్చి ఉన్నారు. ఆ మాట నిలబెట్టుకునేలోపే నడుము మొరాయించింది.

"ఏమన్నాడో మొత్తం చెప్పమ్మా," అన్నారాయన వంటింట్లోంచి.

కోడలిది జనానికి ఫోన్లు చేసి సబ్బులూ టూత్‌పేస్టుల మీద అభిప్రాయాలు అడిగే కంపెనీలో ఉద్యోగం. ఎదుటివాళ్లు చెప్పింది చెప్పినట్టు అప్పజెప్పడం ఆమెకు అలవాటైపోయింది. "ఒకటే షరతట. సీటు మీ నడుముకు సరిపడాలట. కూర్చోవడం, దిగడం రెండూ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా మీరే చెయ్యాలట. నేను దగ్గరుండి కళ్లారా చూసి ఆయనకి ఫోన్ చేసి చెప్పాలట. దిగలేకపోతే నడపడం మాట ఇక మర్చిపొమ్మన్నారు!"

ఆఖరి ముక్క అంత హుషారుగా చెప్పకుండా ఉండాల్సిందని ఆమెకు స్టూలు దిగాక తోచింది.

మామగారు కప్పు కడిగి బోర్లించారు. "షోరూము ఎన్నింటికి తీస్తారు?" అన్నారు.

*

నలుగురూ వెళ్లారు. మామగారికి నడుము ముఖ్యం. ముందు గదిలో టైలరింగ్ షాపు నడిపే అత్తగారికి బట్ట ముఖ్యం. లెక్కల మాస్టారైన కొడుకు దారంతా ఫోనులో కార్ల మీద ఊరందరి అభిప్రాయాలూ చదివి వచ్చాడు కాబట్టి, అతనికి ఆ చదివింది ఎవరికైనా చెప్పడం ముఖ్యం. కొత్త కోడలికి కూడా ఒక కొలత ఉంది గానీ అది నలుగురిలో చెప్పుకునేది కాదు. పెళ్లయి ఎన్నాళ్లో కాలేదు. ఇంట్లో సోఫా పెద్దది, భోజనాల బల్ల పెద్దది, అన్నీ విశాలంగా ఏడ్చాయి. కారు వెనక సీటు ఎంత ఇరుగ్గా ఉంటే అంత మంచిదని ఆమె అభిప్రాయం. ప్రతి కారుకూ పదికి ఇన్నని మార్కులు వెయ్యాలనుకుంది.

షోరూములో టై కట్టుకున్న ఒకాయన వాళ్లకు అంటగట్టబడ్డాడు. ముందుగా ఒక చిన్న కారు చూపించాడు. అత్తగారు ఎక్కలేదు. తలుపు తీసి, సీటు బట్టను రెండు వేళ్లతో పట్టి నలిపి చూశారు.

"కర్టెన్ గుడ్డ. రెండు ఉతుకులకి వెలిసిపోతుంది."

"సీటు ఉతకరు కదండీ," అన్నాడు టై ఆయన.

"మీరు ఉతకరు," అన్నారావిడ.

మామగారు స్టీరింగు ముందు కూర్చుని, అద్దం సరిచేసుకుని, "ఊఁ, ఎక్కండి," అన్నారు. "ఖాళీ బండిలో సీటు సంగతి తేలదు. మీరు కూడా ఎక్కండి సార్, నిలబడిపోయారేం?"

అత్తగారు ముందు, మిగతా ముగ్గురూ వెనక. తలుపులు పడ్డాయి. తివాచీ మీద, నాలుగు పక్కలా పూలకుండీల మధ్య, కదలని కారులో అయిదుగురూ కూర్చున్నారు. మామగారు స్టీరింగు కాస్త కుడికి తిప్పారు. తర్వాత ఉన్నట్టుండి బ్రేకు తొక్కారు. లెక్కల మాస్టారు ముందుకు తూలాడు.

"బండి కదల్లేదుగా," అంది కోడలు గుసగుసగా.

"చిన్నప్పట్నుంచీ ఈయన బస్సులోనేగా బడికెళ్లింది. ఆ కాలు కదిలితే నా ఒళ్లే తూలుతుంది," అన్నాడతను.

"ఎలా ఉందండీ?" అడిగాడు టై ఆయన.

"నిద్రొస్తోంది."

"మరి హాయిగా ఉన్నట్టేగా!"

"డ్రైవరుకి నిద్రొచ్చే సీటు సీటెలా అవుతుందయ్యా? అటు చూడు." అత్తగారు అప్పటికే తల పక్కకి వాల్చేశారు. "ఆ సీటు బ్రహ్మాండంగా ఉంది. ఇదీ అలాగే ఉంది. అదే దీంతో వచ్చిన చిక్కు."

వెనక సీట్లో టై ఆయన కూడా ఉండడం వల్ల కోడలు భర్తకు దాదాపు అతుక్కుపోయి కూర్చుంది. ఇద్దరైతే తొమ్మిది, ఇలా ముగ్గురైతే పదికి పది అని మనసులో వేసుకుంది.

"సరే, మీరంతా వెళ్లి డిక్కీ చూసి రండి," అన్నారు మామగారు.

చూసి వచ్చేసరికి ఆయన కారు పక్కన నిలబడి ఉన్నారు. చెయ్యి కారు కప్పు మీద ఉంది. నుదుటి మీద చెమట.

"అయ్యో, దిగేశారా? నేను చూడాలి కదా మామయ్యగారూ!"

"నువ్వు డిక్కీ చూస్తున్నావుగా అమ్మా. ఇంకోటి చూపించండి సార్."

రెండోది పొడుగ్గా, నేలకు కరుచుకుని ఉన్న కారు. సీట్లు నల్లగా నిగనిగలాడుతున్నాయి. అత్తగారు వంగి వాసన చూసి, "చెప్పుల షాపులో ఉన్నట్టుంది," అన్నారు.

"లెదర్ లాంటిదండీ."

"లాంటిదంటే?"

టై ఆయన కాస్త ఆలోచించి, "లెదర్ కాదండీ," అన్నాడు.

"అలాగైతే రెక్సిన్ అనండి, సరిపోతుంది. మా ఇంటాయన జన్మంతా దాని మీదే కూర్చున్నారు."

"ఎండలో కాలుతుందని చాలామంది రాశారు," అన్నాడు మాస్టారు ఫోను చూసుకుంటూ. "కానీ దీంట్లోనే ఇంకో రకం ఉందట. సన్న చిల్లుల బట్ట, కింద ఫ్యాను. సీట్లోంచి చల్లగాలి వస్తుందట నాన్నా!"

ఆ రకం కూడా పక్కనే ఉంది. మామగారు కూర్చున్నారు. టై ఆయన మీట నొక్కాడు. మామగారు కాసేపు ఎదురుగా ఉన్న పూలకుండీకేసి చూస్తూ కదలకుండా ఉండిపోయారు. మొహంలో మార్పేమీ లేదు.

"ఎక్కణ్ణించి వస్తోందిది?"

"కిందనుంచండీ."

"ఆపెయ్యండి."

వెనక కోడలికి మరో కష్టం వచ్చిపడింది. సీటు మధ్యలోంచి చేతులు ఆనించుకునే దిండొకటి టై ఆయన ఎంతో గర్వంగా కిందికి లాగాడు. మొగుడూ పెళ్లాల మధ్య అది గోడలా పడింది. "ఎత్తెయ్యండి," అన్నారు ఇద్దరూ ఒకేసారి. పదికి రెండు.

"డిక్కీ చూసి రండి," అన్నారు మామగారు.

మళ్లీ అదే జరిగింది. వచ్చేసరికి ఆయన బయట ఉన్నారు. ఈసారి చెమటతోపాటు పెదవి కూడా బిగిసి ఉంది. సీటు లోతైపోయిందనీ, వీపు దగ్గర ఉబ్బు ఎక్కువైందనీ, మొత్తానికి ఈ కాలం వాళ్లకి కూర్చోబెట్టడం చేతకాదనీ అన్నారు. ఆ మాటలు కారును కాకుండా ఇంకెవరినో అన్నట్టున్నాయి.

మూడోది ఎత్తు బండి. మెత్తటి ముఖమల్ సీట్లు. అత్తగారు అరచేత్తో నిమిరి, మొదటిసారి వంక పెట్టకుండా తల ఊపారు. ఎక్కడం మామగారు బాగానే ఎక్కారు. కూర్చున్నారు, తిప్పారు, తొక్కారు, కొడుకు తూలాడు. "డిక్కీ" అన్నారు.

అందరితోపాటు కోడలు కూడా వెనక్కి నడిచింది. అయితే పక్కన ఆపి ఉన్న ఇంకో కారు అద్దం సరిగ్గా ఆమె ఎత్తులో, ఆమె వైపే తిరిగి ఉంది. అందులో మామగారు కనిపించారు.

ఆయన తలుపు తీశారు. అందరూ దిగినట్టు కాళ్లు బయటకు చాపలేదు. సీట్లోనే మెల్లగా ఒళ్లంతా తిప్పి, వీపు బయటికీ మొహం లోపలికీ పెట్టి, సీటును కావలించుకున్నారు. తర్వాత ఒక కాలు వెనక్కి, కిందికి చాపి, గాలిలో దేన్నో వెతకడం మొదలుపెట్టారు. అక్కడ ఏమీ లేదు. కాలు అటు వెతికింది, ఇటు వెతికింది. నడుము వణికింది. ఆఖరికి ఆయన కళ్లు మూసుకుని, పడ్డట్టుగా నేల మీదికి జారి, అలాగే సీటు పట్టుకుని నిలబడిపోయారు.

అప్పుడు కోడలికి అర్థమైంది. బస్సు డ్రైవరు తలుపు నేలకు ఎంతో ఎత్తులో ఉంటుంది. దాంట్లోంచి నిచ్చెన దిగినట్టు వెనక్కి తిరిగే దిగాలి. కాలు కిందికి వెళితే అక్కడ ఇనప మెట్టు ఉంటుంది. ఎన్ని వేలసార్లు దిగారో ఏమో, మామగారి ఒంటికి బండి దిగడమంటే అదొక్కటే తెలుసు. పొట్టి కారులో నేల ముందే తగిలి నడుము కుదిపేస్తోంది, ఎత్తు బండిలో అసలు తగలడమే లేదు. తప్పు బట్టదీ కాదు, మెత్తదనానిదీ కాదు. ఇది ఆయనకీ తెలియడం లేదు. తెలిసిందల్లా తాను దిగలేకపోతున్నానని. అది కోడలు చూస్తే డాక్టరుకి చెప్పాలి. చెబితే అంతే.

ఆయన తలెత్తారు. అద్దంలో ఇద్దరి చూపులూ కలిశాయి.

కోడలు చప్పున డిక్కీ వైపు తిరిగింది. "అబ్బ, ఎంత బాగుందండీ ఈ డిక్కీ!" అంది. "ఈ మూల చూడండి అత్తయ్యా. ఈ దీపం చూడండి. ఏమండీ, ఈ కొక్కెం దేనికో అడగండి." ఒక ఖాళీ డిక్కీని అంతసేపు పొగడడం ఆ షోరూములో అదే మొదటిసారి అయి ఉంటుంది. టై ఆయన తనకు తెలియని గుణాలు కూడా తెలుసుకుంటూ విన్నాడు. మామగారు ఊపిరి తీసుకుని, చొక్కా సవరించుకుని, నెమ్మదిగా వచ్చేదాకా ఆమె ఆపలేదు.

"నీకేమైంది?" అన్నాడు భర్త ఆమె చెవిలో.

"నువ్వూరుకో," అందామె కూడా చెవిలోనే. పైకి మాత్రం, "ఏమండీ, నాకొక ఇబ్బందుంది, మీరు ఏమీ అనుకోకపోతే చెబుతాను," అంది.

"ఏంటమ్మా?" అన్నారు అత్తగారు.

"నాకు ఎత్తు బళ్లు ఎక్కి దిగడం చేతకాదత్తయ్యా. పొట్టివైతే తల తగులుతుంది. తలుపు కింద ఇనప మెట్టుండే బండి ఏదన్నా ఉంటే బాగుంటుంది."

"నిన్నగాక మొన్న వచ్చావు, అప్పుడే వంకలా? పొద్దున స్టూలెక్కి గంతులేస్తున్నావుగా!"

"స్టూలుకి మధ్యలో మెట్టుందిగా అత్తయ్యా."

అంతలో మామగారు గొంతు సవరించుకున్నారు. "పిల్ల అడిగితే ఇవ్వడానికి మనకేం? మెట్టున్న బండి చూపించండి సార్," అన్నారు. కోడలి వైపు చూడలేదు.

టై ఆయన తల గోక్కున్నాడు. "మెట్టంటే... వ్యానుకి ఉంటుందండీ. తొమ్మిది మంది పడతారు. కానీ దాన్ని ఇళ్లవాళ్లు కొనరు, స్కూళ్లవాళ్లు కొంటారు."

"ఈయన స్కూలే కదండీ," అంది కోడలు భర్తను చూపించి.

వ్యాను షోరూము వెనక షెడ్డులో ఉంది. దానికి తివాచీ లేదు, పూలకుండీ లేదు. సీట్లు బూడిదరంగు రెక్సిన్. అత్తగారు గోటితో గీరి, "ఇది అబద్ధమాడదు," అన్నారు.

మామగారు మెట్టు మీద కాలేసి, పక్కన పిడి పట్టుకుని ఎక్కారు. కూర్చున్నారు. సీటు బల్లలా గట్టిగా ఉంది. ఆయన నడుము దానంతట అదే నిటారుగా లేచింది. అద్దం సరిచేసుకున్నారు. ఈసారి బ్రేకు తొక్కలేదు. చాలాసేపు ఊరికే కూర్చున్నారు.

"నిద్రొస్తోందా అండీ?" అడిగాడు టై ఆయన భయంగా.

"రావట్లేదు."

భర్త కోడలి చెయ్యి పట్టుకుని ఆఖరి వరసకు లాక్కుపోయాడు. అక్కడ చక్రం మీది గూడు లోపలికి పొడుచుకొచ్చి, సగం చోటు తినేసింది. ఇద్దరు కూర్చుంటే మూడో మనిషికే కాదు, సంచీకి కూడా చోటు లేదు.

"ఇది అస్సలు బాలేదు కదా," అన్నాడతను.

"అస్సలు బాలేదు," అంది. పదికి ఎన్ని వెయ్యాలో తెలియక ఊరుకుంది.

"అమ్మాయ్!" ముందు నుంచి మామగారు పిలిచారు. "ఇలా వచ్చి కింద నిలబడు. ఎదురుగా నిలబడు, చూడాలిగా నువ్వు."

ఆమె పరుగున దిగి వెళ్లి తలుపు ఎదురుగా నిలబడింది. ఎవరూ డిక్కీ దగ్గరికి వెళ్లలేదు. మామగారు ఒళ్లు తిప్పారు, వీపు బయటికి పెట్టారు, పిడి పట్టుకున్నారు. కాలు వెనక్కి, కిందికి వెళ్లింది. మెట్టు తగిలింది. రెండో కాలు నేల మీదికి వచ్చింది. తిరిగి, చేతులు దులుపుకున్నారు.

అత్తగారు ఆయన్ని పైనుంచి కిందిదాకా చూశారు. "ఇంతేనా? ఇంత సులువైతే పొద్దుట్నుంచీ ఆ చెమట్లెందుకు?"

"అవి సీట్లు బాగోక."

"బాగోకే," అంది కోడలు.

అక్కడే డాక్టరుకి ఫోన్ చేసింది. "చూశానండీ, ఎదురుగా నిలబడి చూశాను. ఎక్కారు, దిగారు, ఎవరి చెయ్యీ పట్టుకోలేదు... నొప్పి లేదట... సీటు గట్టిగా ఉందండీ... కారేనండీ. కొంచెం పెద్దది." పెట్టేసి, "ముందు దగ్గర దూరాలే నడపమన్నారు మామయ్యగారూ," అంది.

"ఇంతమంది ఎవరున్నారని మనకి ఇంత బండి?" అంటున్నారు అత్తగారు. అంటూనే సీటు వెడల్పు జానలతో కొలుస్తున్నారు, తొడుగులకు గుడ్డ ఎంత పడుతుందో.

మామగారు వ్యాను చుట్టూ ఒకసారి తిరిగి, చక్రాలను కాలితో తట్టి చూసి, వచ్చి అందరి ముందూ నిలబడ్డారు.

"రేపు పొద్దున నడిపి చూసుకోమని బండి ఇస్తారట," అన్నారు. "ఏడింటికల్లా అందరూ గుమ్మంలో ఉండండి. మార్కెట్టు మీదుగా నది వంతెన దాకా వెళ్లొద్దాం. స్టాపుల్లేవు. ఎవరు ఎక్కడ ఆపమంటే అక్కడ ఆపుతాను."