పయనీర్లు ఎత్తుకెళ్లిన కంచె

ప్రోఖోర్ లుకిచ్ చలికాలమంతా కమ్మరి కొట్టంలో కూర్చుని భార్య సమాధికి ఇనుప కంచె చేశాడు. నిరుడు వేసవిలో కాప్టెలీనా పోయింది. అప్పటినుంచీ సమష్టి వ్యవసాయ క్షేత్రం ఆవులు ఆ మట్టిదిబ్బను తొక్కుతూనే ఉన్నాయి. ఈస్టర్ తర్వాత చనిపోయినవాళ్లను తలుచుకునే మంగళవారానికల్లా కంచె పాతాలి. నీలిరంగు ఆరడానికని గోడకు ఆనించి రొట్టె కోసం అంగడికెళ్లాడు. తిరిగొచ్చేసరికి గోడ ఉంది, కంచె లేదు.

ఎవరెత్తుకెళ్లారో ఎవర్నీ అడగనక్కర్లేదు. ఆ వారం బడిలో పాత ఇనుము పోగుచేసే పోటీ. మెడకు ఎర్ర రుమాళ్లు కట్టుకున్న పయనీర్ దళం బడిపిల్లలు జట్లుజట్లుగా వాకిళ్లన్నీ గాలిస్తున్నారు.

బడి ఆవరణలో ఇనుము గుట్ట మీద కంచె కనబడుతూనే ఉంది. పిల్లల అరచేతులన్నీ నీలం. పయనీర్ల నాయకురాలు రిమ్మా, ఇరవయ్యేళ్ల పిల్ల, అడ్డం నిలబడింది.

"అది నా పెళ్లాం సమాధిది. తియ్యి."

"తూకం అయిపోయింది ప్రోఖోర్ లుకిచ్ గారూ. జిల్లాకు ఫోన్ చేసి చెప్పేశాం కూడా."

"దొంగసొత్తుకు తూకమేంటి?"

"పిల్లల్ని పట్టుకుని దొంగలంటారేంటండీ! పొద్దున్నే పాఠంలో చెప్పాను, అందరిదీ ముందు, మనది తర్వాత అని."

"ముసలాడు ఇంట్లో లేనప్పుడు వెళ్లమని కూడా చెప్పావా?"

పిల్లలు కిసుక్కున నవ్వారు. రిమ్మా ముఖం కందిపోయింది.

"అంతే బరువు ఇంకేదైనా తెచ్చివ్వండి, ఇది పట్టుకెళ్లండి. లారీ రేపు మధ్యాహ్నానికి గానీ రాదు."

ఇంట్లో అంత ఇనుము మంచమొక్కటే. ముప్ఫై ఏళ్లు ఇద్దరూ పడుకున్న మంచం. దాన్ని ఊడదీసి, తోపుడు బండికెత్తి, తెల్లారి తొమ్మిదింటికల్లా బడికి చేరాడు.

ఆవరణ ఊడ్చిపెట్టినట్టుంది.

"గడువు కంటే ముందే పంపేశామండీ! జిల్లాలో మనమే ఫస్ట్!" అంటూ ఎదురొచ్చిన రిమ్మా బండిని చూసి నాలిక కరుచుకుంది. "అయ్యో... సరే, మంచం వచ్చే పోటీకి రాసుకుంటాను. మీకు ప్రశంసాపత్రం ఇప్పిస్తా."

పిల్లలు అప్పటికే మంచం కోళ్లు పట్టుకున్నారు.

"చేతులు తియ్యండ్రా."

బండిని నేరుగా శ్మశానానికి తోశాడు. మంచం తలవైపు కమ్మీలు కాప్టెలీనా తలవైపు, కాళ్లవైపువి కాళ్లవైపు పాతాడు. తీగల చట్రాన్ని ఒక పక్క నిలబెట్టాడు. నాలుగో పక్కకు ఏమీ మిగల్లేదు. కర్ర పట్టుకుని అక్కడ తనే కూర్చున్నాడు.

సాయంత్రం ఇద్దరు పయనీర్లు బాట మీద ఆగారు.

"తాతా, ఈ మంచం మా జట్టుకిస్తావంట కదా?"

ప్రోఖోర్ కర్రెత్తి లేచాడు. పిల్లలు పరుగందుకున్నారు. నాలుగడుగులు తరిమాడో లేదో, వెనక ఆవు మెడలో గంట మోగింది.