ఆమె ఊదిన బెలూన్లు

ఏం చూశారో చెప్పండి ముందు. సెలవులకి సముద్రం ఒడ్డున ఉన్న ఆ ఊరికి వెళ్ళొచ్చారు కదా. దీపస్తంభం ఎక్కామంటారు. గుర్రం మీద ఒడ్డంతా తిరిగామంటారు. పడవలో ఇసుక దిబ్బ దాకా పోయి, వచ్చేటప్పుడు వాంతి చేసుకున్నామంటారు. సరే. మరి బెలూన్ల కొట్టు సంగతి చెప్పరేం? అక్కడ తుపాకీ పేల్చకుండా తిరిగొచ్చినవాళ్ళు ఎవరూ లేరు.

ఆ కొట్టు రోజూ ఒకేలా తెరుచుకునేది. పొద్దెక్కగానే అత్త టార్పాలిన్ దులిపి, చెక్క బోర్డుని ఇసుకలో నిలబెట్టేది. కొడుకు గాలి తుపాకులు తుడిచేవాడు. అతన్ని ఊరంతా గురి అనే పిలిచేది, తుపాకీ ఎత్తినా చెయ్యి ఎత్తినా తప్పడని. కోడలు టార్పాలిన్ వెనక పీట మీద కూర్చుని బెలూన్లు ఊదేది. పంపుతో ఊదినవి ఉత్త చప్పుడుతో పేలతాయి. నోటితో ఊదినవాటిలో మాత్రం, ఊదినవాళ్ళు లోపల అణుచుకున్నది ఉంటుంది. గుండు తగలగానే అది బయటికొస్తుంది. ఆ ఊళ్ళో బెలూన్లు అంతే. గాలికి జెండా ఎగరడం ఎంత మామూలో అదీ అంతే మామూలు.

కోడలు ఊదినవి అరిచేవి. గురి ఆమెని టార్పాలిన్ వెనకే కొట్టేవాడు, బెల్టుతో, తుపాకీ మడమతో. బేరాలు చెడతాయని ఆమె పళ్ళు బిగపట్టేది. ఆ అరుపు బెలూన్లోకి పోయేది. ముందు పక్క పేలినప్పుడల్లా "అమ్మా" అనో, "వద్దు, అక్కడొద్దు" అనో వినిపించేది. జనం పగలబడి నవ్వేవాళ్ళు.

"ఎర్రది కొట్టు నాన్నా, ఎర్రది బాగా ఏడుస్తుంది" అని పిల్లలు చేతులు పట్టుకుని లాగేవాళ్ళు. డ్యూటీలో ఉన్న కానిస్టేబుల్ కూడా రోజూ నాలుగు పేల్చి, నవ్వి పోయేవాడు.

"నేను ఊదలేదా? మీ మావయ్య ఉన్న రోజుల్లో నావి ఇంతకన్నా గట్టిగా అరిచేవి" అనేది అత్త, అదేదో గొప్పలా.

సెలవుల రద్దీ బాగా ఉన్న ఒక పూట, బెలూన్లు ఆలస్యమయ్యాయని గురి ఆమెని డొక్కలో తన్నాడు. పక్కటెముక విరిగిన చప్పుడు అత్తకి కూడా వినిపించింది. ఆ తర్వాత ఆమె ఊపిరి బెలూన్ మూతిని కూడా తెరవలేకపోయింది.

"ఊదవే."

"రావట్లేదు."

"నటించకు."

ఆమె దగ్గితే పెదాల మీదికి నెత్తురు నురగ వచ్చింది. గురి కొంచెం తగ్గాడు. "సర్లే, పడుకో. ఆదివారం అద్దె పడవ తీసుకుని దిబ్బ దాకా తిప్పుతా. మనిద్దరమే."

మొదటి పెళ్ళాన్నీ అలాగే పడవెక్కించాడు. అల కొట్టేసిందని ఏడుస్తూ ఒక్కడే తిరిగొచ్చాడు. అల మీద కేసు ఎవరు పెడతారు?

"రానంటే?"

"అడగట్లేదు. చెప్తున్నా."

బయట గోల ఎక్కువైంది. గురి పంపు తీశాడు. బెలూన్లు మూగగా పేలాయి.

"ఇదేంటయ్యా, అరవ్వేం?" అని కళ్ళజోడాయన ఒకడు మొహం మాడ్చుకున్నాడు. "ఇలాంటివి మా వీధి చివర కూడా పేల్చుకోవచ్చు. దీనికోసం ఇంత దూరం రావాలా?"

గురి నోటితో ఊదబోతుంటే అత్త చెయ్యి పట్టుకుంది. "నువ్వొద్దురా. నేను ఊదుతా."

"నీకు దమ్మెక్కడిదే? నాకేం భయం? నేను కడుపులో ఏదీ దాచుకోను. అనాల్సింది మొహం మీదే అంటా, కొట్టాల్సింది అప్పుడే కొడతా."

అతను నిజంగానే అలా అనుకున్నాడు. బుగ్గలుబ్బించి బోర్డు నిండా ఊది కట్టాడు.

కళ్ళజోడాయన మొదటిది కొట్టాడు. గురి గొంతే పలికింది. "తల నీళ్ళలోంచి లేపనివ్వలేదు."

నవ్వబోయినవాళ్ళు ఆగారు. ఎవరో రెండోది కొట్టారు. "రక్కింది. తెడ్డుతో మోదా." రోజూలాగే పేల్చడానికి వచ్చిన కానిస్టేబుల్ చేతిలోని తుపాకీ దించాడు.

అన్నీ పీకేద్దామని గురి బోర్డు మీదికి దూకాడు. గోరు తగిలి ఇంకోటి పేలింది. "పడవ అంచు వదల్లేదు. ఒక్కో వేలే విరిచా."

అత్త చేతులు చాచి మిగతావాటికి అడ్డం నిలబడింది. "చాలు బాబూ, మా ఇంటి గుట్టు మీకెందుకు? వెళ్ళండి, వెళ్ళి గుర్రాలెక్కండి."

టార్పాలిన్ పక్కకి జరిగింది. కోడలు డొక్క పట్టుకుని వచ్చి, కళ్ళజోడాయన చేతిలోంచి తుపాకీ తీసుకుంది.

"అత్తయ్యా, జరగండి."

"నా కొడుకే వాడు."

"ఆదివారం పడవెక్కేది నేను."

అత్త ఆమె పెదాల మీద నెత్తురు చూసింది. కొడుకు వైపు చూడకుండా జరిగింది. కోడలు కాల్చింది.

"దీన్ని కూడా అక్కడే," అంది బెలూన్, "దిబ్బ దాటాక."

ఆ తర్వాత అందరికీ చేతులొచ్చాయి. కుర్చీలతో, చెప్పులతో, బూట్లతో జనం గురిని కుమ్మేశారు. పళ్ళు ఇసుకలో రాలాయి. కానిస్టేబుల్ లాక్కుపోయి జీపెక్కించేసరికి ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. ఆదివారం ఆ అద్దె పడవ వేరేవాళ్ళని తిప్పింది. కోడలు ఆసుపత్రిలో, నొప్పి లేచినప్పుడల్లా వార్డు దద్దరిల్లేలా తన నోటితో తనే అరిచింది. నర్సులు పరిగెత్తుకొచ్చారు.

మీరు బాగానే కొట్టారు. నేనూ ఒక దెబ్బ వేశానని ఇంటికెళ్ళి చెప్పుకున్నారు కూడా. కాని అంతకుముందు సెలవుల్లో, దానికి ముందు సెలవుల్లో, అదే బోర్డు ముందు నిలబడి నవ్వింది కూడా మీరే. ఆ అరుపు ఎవరిదనుకున్నారు?