వదులు అనే మాట

రెండువేల ఇరవై నాలుగు ఫిబ్రవరి పదిహేడు, శనివారం సాయంత్రం. స్థలం: సైనిక్‌పురిలో విజయేందర్ ఇంటి ముందుగది. హాజరైనవారు: నౌకాదళంలో పనిచేసి ఉద్యోగ విరమణ చేసిన విజయేందర్, మెట్టుగూడ నివాసి అయిన రైల్వే కార్యాలయ ఉద్యోగి రోనాల్డ్, అతని భార్యా ఉన్నత పాఠశాల తెలుగు ఉపాధ్యాయినీ అయిన ప్రిసిల్లా, వారి కుమార్తె హదస్సా.

ఈ వివరాలను విజయేందర్ ఒక తెల్లకాగితం పైభాగాన స్వహస్తంతో రాశారు. వాటి కింద ఇంకో రెండు వాక్యాలున్నాయి: ‘‘వదులు’ అని కేక వేసిన వెంటనే పై రోనాల్డ్ తన చేతిలోని గాలిపటాన్ని వదిలివేయడం నేను కళ్లారా చూశాను. అతడు దానితో నీటిలో దిగడానికి నాకు అభ్యంతరం లేదు.’ ఆ కాగితాన్ని ఆయన ప్రిసిల్లా ముందుకు జరిపారు.

‘‘ఇది మీ సంతకానికి, టీచర్ గారూ. ఇంట్లోవాళ్ల సంతకం లేనిదే నేనెవర్నీ నీళ్లల్ల దించ. ఇయ్యాల్నే పెట్టాలనేం లేదు. చూసినంకనే పెట్టుండ్రి. చూడకపోతె పెట్టొద్దు.’’

మెదక్ దారిలో నర్సాపూర్ దాటిన తర్వాత నడుములోతు నీళ్లుండే ఒక చెరువులో, మనిషిని లాగుకుపోయేంత బలమైన గాలిపటాలు ఎగరేయడం విజయేందర్ నేర్పుతారు. ఈ సంగతి ఆఫీసులో ఎవరో చెప్పినప్పటి నుంచి రోనాల్డ్‌కు ఇంకో ధ్యాస లేదు. వచ్చే ఆదివారం ఆరాధన ముగియగానే బయలుదేరాలని తీర్మానించుకున్నాడు కూడా.

ప్రిసిల్లా ఆ కాగితాన్ని విద్యార్థి జవాబుపత్రాన్ని చదివినట్టు రెండుసార్లు చదివి, కలం ముట్టుకోకుండా ఊరుకుంది.

ఆమెకు నీళ్లంటే భయం లేదు. భర్త పిడికిలంటేనే భయం. పతంగుల విషయంలో మెట్టుగూడ నుంచి రెజిమెంటల్ బజార్ దాకా రోనాల్డ్ పేరు తెలియనివారు లేరు. మొన్న జనవరిలో, తమ మేడ మీద, ఎదుటి పతంగితో పేచ్ మంచి పట్టులో ఉండగా అతను ఆకాశం వైపే చూస్తూ వెనక్కి నడిచాడు. పొట్టి పిట్టగోడ మోకాళ్ల వెనక తగిలింది, నడుం పైభాగమంతా వీధి వైపు ఒరిగిపోయింది. ఆరేసిన బట్టలు తీస్తున్న ప్రిసిల్లా పరుగెత్తి చొక్కా పట్టుకుని లాగకపోతే ఏమయ్యేదో తలచుకోవడానికి ఇప్పటికీ ఆమెకు మనసొప్పదు. అంత జరిగినా దారం అతని చేతిలోనే ఉంది. లేచి నిలబడి అతను అన్న మొదటి మాట, ‘‘పేచ్ పోలే, చూసినవా?’’ ఆ మాట ఆమె మరిచిపోలేదు.

గది నేలమీద మూడు గుడ్డపటాలు పరిచి ఉన్నాయి. రోనాల్డ్ చూపు తిన్నగా అన్నిటికంటే పెద్దదాని మీదికి పోయింది. అది ఎర్రది, జంపఖానా అంత ఉంది.

‘‘ఇది ఇయ్యుండ్రి సార్. చిన్న పతంగి ఊకె గింజుకుంటది, ఒక్క తాన నిలవదు. పెద్దదైతె ఆకాశంల కూసుంటది.’’

‘‘అది కాయితం పతంగి ముచ్చట, రోనాల్డ్ భాయ్. దాన్ని నువ్వు లాగుతవ్. ఇదైతె నిన్ను లాగుతది. ఆ ఎర్రది పట్టుకున్నవనుకో, నర్సాపూర్ల దిగి మెదక్‌ల తేలుతవ్.’’

‘‘మమ్మీకి బస్సు ఫ్రీ అయింది, డాడీకి పతంగి ఫ్రీ,’’ అంది హదస్సా.

రెండోది మధ్యరకం. దాని రెండు దారాల చివర మణికట్టుకు తొడుక్కునే పట్టీలున్నాయి. విజయేందర్ వాటిని రోనాల్డ్ చేతులకు తొడిగి, దారాల అవతలి కొసలు పట్టుకుని గట్టిగా లాగమని హదస్సాకు చెప్పారు. ఆ పిల్ల సందు దొరికిందే చాలన్నట్టు లాగింది. రోనాల్డ్ చేతులు విదిలించుకున్నాడు, మెలితిప్పాడు, పళ్లతో పట్టీ అంచు పట్టుకున్నాడు. అది ఊడలేదు.

‘‘లాగినంతసేపు ఊడదు,’’ అన్నారు విజయేందర్. ‘‘నేల మీద, సన్నగాలికి పర్వాలేదు. నీళ్లల్లకు మాత్రం ఒద్దు.’’

మూడోది నీలం రంగుది, చాచిన చేతుల కంటే కాస్తే వెడల్పు. దాని దారాలు ఒక అడ్డకర్రకు, ఆయన బార్ అని పిలిచేదానికి, రెండు కొసలా కట్టి ఉన్నాయి. మూడో దారమొకటి బార్ మధ్యగా వచ్చి మణికట్టు పట్టీలో ముగుస్తుంది. చేతిలో బార్ ఉన్నంతసేపే పటం గాలిని పట్టుకుంటుంది. బార్ వదిలేస్తే మూడోదారం ఒక్కటే బిగుస్తుంది, పటం ముడుచుకున్న గొడుగులా కూలిపోతుంది, మణికట్టు మీద లాగుడు ఉండదు. పటంలో గాలి నిండే అరల నోళ్లు మూసి ఉంటాయి కాబట్టి నీళ్లు చొరబడవు, పడినా తేలుతుంది.

‘‘గింత చిన్నదా?’’ అన్నాడు రోనాల్డ్. ‘‘పోరగాండ్లు నవ్వుతరు సార్.’’

‘‘నవ్వనియ్యి. మొదలు షురూ చేసేటోనికి ఇదే. పెద్దది అడిగినోల్లంతా రెండోసారి చిన్నది అడుక్కున్నోల్లే.’’

ప్రిసిల్లా మొదటిసారి నోరు విప్పి, గాలి సంగతేమిటని అడిగింది. ఆకులు ఊగే గాలి చాలు, కొమ్మలు వంచే గాలి వద్దు అని ఆయన చెప్పారు. అది ఒడ్డు వెంబడి వీచాలి. మనిషి వీపు మీద నుంచి చెరువు నడిమికి వీచేది ఒకందుకు చెడ్డది, ఒడ్డున ఉన్న చెట్ల మీదికి తోసేది మరొకందుకు చెడ్డది. కనుచూపు మేర కరెంటు తీగ ఉండకూడదు. లైఫ్‌జాకెట్, హెల్మెట్ తీయకూడదు. దారం వేలికి చుట్టుకోకూడదు.

‘‘అన్నిటికంటె ముఖ్యం, తక్లీఫ్ అనిపిస్తె ఆలోచించకుండ వదులుడు,’’ అని ముగించి ఆయన లేచారు. ‘‘నడువుండ్రి, చూద్దాం.’’

సమీపంలోనే ఇళ్లు లేని పెద్ద మైదానం ఉంది. విజయేందర్ చిటికెడు దుమ్ము జారవిడిచి గాలివాలు చూశారు. రోనాల్డ్ నీలిపటాన్ని లేపిన క్షణం నుంచి అతని చేతి నేర్పు తెలిసిపోయింది. బార్ ఒక కొస లాగితే పటం అటు తిరుగుతుందని ఎవరూ చెప్పనక్కర లేకుండానే గ్రహించాడు. మూపురం మీద చెయ్యి వేసి ఎద్దును మళ్లించే రైతులా దాన్ని అలవోకగా తిప్పాడు.

‘‘వదులు!’’ అని కేక వేశారు విజయేందర్.

రోనాల్డ్ రెండు చేతులూ ముందుకు చాచి నాలుగడుగులు పరుగెత్తాడు. దారాలు సడలాయి, పటం ఊగింది. బార్ మాత్రం పిడికిళ్లలోనే ఉంది.

‘‘వదులు!’’

మళ్లీ అదే పరుగు.

‘‘ఏంది భాయ్, వదులంటె వదలవ్?’’

‘‘వదిలిన గద సార్! ఇంకెంత వదలాలె?’’

విజయేందర్ ముఖం ఎర్రబడింది. తనను పరేషాన్ చేస్తున్నాడని ఆయన అనుకుంటున్నట్టు ప్రిసిల్లాకు అర్థమైంది. కానీ భర్త ముఖంలో ఆమెకు బుకాయింపు కనిపించలేదు. ఉన్నది నిజమైన అయోమయమే.

‘‘ఆయన మొండికెయ్యట్లేదండీ,’’ అంది. ‘‘మీరన్న వదులు వేరు, ఆయన విన్న వదులు వేరు. జాకెట్టు వదులైంది అంటాం చూడండి, ఆ వదులు. పతంగి ఆడేవాళ్లకి వదులంటే దారం సడలించమని. చేతిలోంచి విడిచిపెట్టమని కాదు.’’

‘‘అంటె ఢీల్ ఇచ్చుడా?’’

‘‘మరి?’’ అన్నాడు రోనాల్డ్, న్యాయం తన పక్షాన చేరిన ధీమాతో. ‘‘ఢీల్ ఇమ్మన్నరు, ఇచ్చిన.’’

విజయేందర్ హిందీలో ‘ఛోడ్’ అని చూశారు. పతంగుల మేడల మీద ‘ఢీల్ ఛోడ్’ అని వినీ వినీ పెరిగిన రోనాల్డ్ మళ్లీ ముందుకే పరుగెత్తాడు. ‘రిలీజ్’ అని చూశారు. అతను ఒక్క క్షణం ఆగి ఆలోచించాడు.

‘‘ఆ మాటకు మా ఆఫీసుల ఫైలు కదలాలంటె నెల పడ్తది సార్.’’

‘‘నీళ్లల్ల నెల ఉండదు భాయ్.’’

ఆ మాటల మధ్యలోనే అతని కుడి చూపుడువేలికి దారం చుట్టు ఒకటి పడి ఉండటం ప్రిసిల్లా గమనించింది. బార్ పట్టుకుని కూడా పాత అలవాటు మానలేదు. పైకి ఎగబాకుతున్న పటం ఆ వేలిని ఒరుసుకుంటూ లాగుతోంది. ఆమె ఏ ఆలోచనా లేకుండా, వంటింట్లో పలికే గొంతుతో అంది:

‘‘చేతులు చూపించండి.’’

రోనాల్డ్ పది వేళ్లూ విడిచి రెండు అరచేతులూ ఆమె వైపు తిప్పాడు. దారం చుట్టు జారిపోయింది. బార్ ఎగిరింది, మూడోదారం బిగిసింది, నీలిపటం ముడుచుకుని మట్టిలో కూలింది.



‘‘అన్నం ముందు అటెండెన్స్,’’ అని హదస్సా కిందపడేంతగా నవ్వింది. విజయేందర్‌కు అర్థం కాకపోవడంతో ఆ పిల్లే వివరించింది. పతంగుల రోజుల్లో డాడీ మాంజా దారం కోసిన గాట్లు దాచిపెట్టుకుని అన్నానికి కూర్చుంటాడు. పచ్చడి తగిలి చుర్రుమంటే అప్పుడు అరుస్తాడు. పెళ్లయిన నాటి నుంచి మమ్మీ అతని చేతులు చూడనిదే కంచం పెట్టదు.

విజయేందర్ అదే మాట తన గొంతుతో అని చూశారు. రోనాల్డ్ కొంచెం ఆలస్యంగానైనా చేతులు విప్పాడు. ఆయన తృప్తిపడి జేబులోంచి కలం తీశారు.

‘‘అయిపాయె. కాయితంల గా మాటే రాద్దాం.’’

‘‘ఆగండి,’’ అంది ప్రిసిల్లా. ‘‘గాలి హోరులో మన మాట వినపడకపోతే?’’

ఆయన కలం మళ్లీ జేబులో పెట్టుకున్నారు.

ఆ తర్వాత చాలాసేపు రోనాల్డ్ ఒంటరిగా, గొణుక్కుంటూ అభ్యాసం చేశాడు. తనకు తానే ‘చేతులు చూపించు’ అనుకోవడం, విప్పడం, పటం లేపడం, మళ్లీ అనుకోవడం. పొద్దు వాలుతుండగా, ఎవరూ ఎదురుచూడని ఒక విసురుగాలి మైదానం దాటి వచ్చింది. పటం ఒక్క ఊపున బిగిసింది. రోనాల్డ్ మడమలు దుమ్ములో చాళ్లు గీస్తూ జారాయి, నడుం పైభాగం ముందుకు ఒరిగింది. జనవరిలో వెనక్కి ఒరిగినట్టే, ఈసారి ముందుకు. విజయేందర్ నోరు తెరిచారు. ప్రిసిల్లా చెయ్యెత్తి ఆయన్ను ఆపింది. తానూ పెదవి విప్పలేదు. ఎదురుగా గోడ లేదు, తీగ లేదు, పటం చిన్నది. ఇక్కడ విప్పనివాడు నీళ్లలో విప్పడు. తన పిడికిళ్లు బిగుసుకుపోయాయని ఆమెకు తర్వాత గాని తెలియలేదు.

రోనాల్డ్ వేళ్లు విచ్చుకున్నాయి.

పటం కూలింది. అతను రెండడుగులు తూలి నిలదొక్కుకుని, వెనక్కి తిరిగి రెండు అరచేతులూ ఆమెకు చూపించాడు. ఆ ముఖంలో పేచ్ గెలిచినప్పటి వెలుగే ఉంది.

‘‘పతంగి పోయింది, చూసినవా?’’

‘‘చూశాను,’’ అంది ప్రిసిల్లా.

విజయేందర్ ఇంటికి తిరిగొచ్చాక, ముందుగదిలో దీపం వేసి ఆమె కాగితాన్ని దగ్గరికి తీసుకుంది. ‘వదులు’ అన్న మాటను ఒకే గీతతో కొట్టివేసి, పైన ‘చేతులు చూపించు’ అని రాసింది. ‘కేక వేసిన వెంటనే’ పక్కన ‘వేయకపోయినా’ అని చేర్చింది. ‘గాలిపటాన్ని’ ముందు ‘నీలం రంగు, మూడు దారాల చిన్న’ అని ఇరికించింది. మార్కుల రిజిస్టరులో చేసినట్టే, దిద్దిన ప్రతిచోటా పొడి అక్షరాలు వేసింది. చివరి వాక్యం తర్వాత, చెరువులో దిగే రోజు తానూ ఒడ్డున ఉంటానని ఇంకొకటి రాసింది.

‘‘మమ్మీ, డాడీకి మార్కులెన్ని?’’

‘‘పాసయ్యారు.’’

‘‘ఫస్ట్ క్లాసు గాదా?’’ అన్నాడు రోనాల్డ్.

‘‘వేలికి దారం చుట్టుకున్నారు,’’ అంటూ ఆమె సంతకం చేసింది. విజయేందర్ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, నీలిపటం సంచి లోపలి అరలో ఉంచి, జిప్పు లాగారు.